గోస అంటే ప్లైట్, యాష్ట అంటే ఎగ్జాస్పరేషన్: ఇంగ్లిష్ పెద్ద మాటలు పట్టుకునే పద్ధతి

డిగ్రీ అయిపోయింది. ఇంగ్లిష్ పేపర్ తిరగేస్తే విషయం అర్థమవుతుంది, ఇంటర్వ్యూలో నాలుగు మాటలు మాట్లాడొచ్చు. అక్కడితో బండి ఆగిపోతుంది. హనుమకొండ హాస్టళ్లలో ఉండి గ్రూప్-1కు చదివేవాళ్లు, జీఆర్‌ఈ, ఐఈఎల్‌టీఎస్ లాంటి విదేశీ చదువుల పరీక్షలు రాయబోయేవాళ్లు, పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి కాకతీయ యూనివర్సిటీలో పీజీకి వచ్చినవాళ్లు చాలామంది ఈ మెట్టు మీదే నిలబడిపోతారు. ఏదో ఒక మాటల లిస్టు కొని, ఎ అక్షరం దగ్గర మొదలుపెట్టి, సి దాటకముందే పక్కన పెట్టేస్తారు.

ఇది జ్ఞాపకశక్తి లోపం కాదు. ఇంగ్లిష్ మాట పక్కన డిక్షనరీ తెలుగు మాట ఒకటి రాసుకుని బట్టీ పట్టడంలోనే చిక్కు ఉంది. ‘ఎగ్జాస్పరేటెడ్: ఉద్రేకపరచబడిన’ అని ఒక కార్డు మీద రాసుకున్నారనుకోండి. ‘ఉద్రేకపరచబడిన’ అని మన ఇళ్లలో ఎవరంటారు? తెలియని మాటకు ఇంకో తెలియని మాటను ముడేస్తే రెండూ జారిపోతాయి. అదే ‘యాష్టకొచ్చుడు’ (విసిగి వేసారడం) అని రాసుకుంటే ఆ కార్డును రెండోసారి చూడాల్సిన పని కూడా పెద్దగా ఉండదు. మన దగ్గర రెండు తెలుగులు ఉన్నాయి. ఒకటి ఇంట్లో మాట్లాడేది, ఇంకోటి బళ్లో నేర్చుకున్న సంస్కృతం కలిసినది. ఇంగ్లిష్‌లోని పెద్ద మాటలకు ఈ రెండూ రెండు వేర్వేరు పనులకు పనికొస్తాయి. ఏ మాటకు ఏది వాడాలో తెలియడమే ఇందులో అసలు పని.

ముందు ఎక్కడున్నారో లెక్కపెట్టుకోండి

ఇంగ్లిష్ పేపర్ ఎడిటోరియల్‌లోంచి 300 మాటలున్న భాగం ఒకటి తీసుకోండి. చదువుతూ తెలియని మాటల కింద పెన్సిల్‌తో గీత పెట్టండి. ఊర్ల పేర్లు, మనుషుల పేర్లు లెక్కలోకి రావు. ఆరు గీతలకు మించకపోతే 98 శాతం మాటలు తెలిసినట్టు. అలాంటి వ్యాసాన్ని డిక్షనరీ లేకుండా చదవొచ్చు, కొత్త మాటల అర్థం చుట్టూ ఉన్న వాక్యాల నుంచే చాలావరకు తడుతుంది. పదిహేను గీతలుంటే 95 శాతం, అంటే ఇరవై మాటల్లో ఒకటి తెలియదు. సాయం తీసుకుని చదవాల్సిన స్థాయి అది. పదిహేను దాటితే ఆ వ్యాసం ఇప్పుడు మీకు కాదు. ఇంకాస్త తేలికైనది తీసుకోండి. కష్టమైనది చదివితే ఎక్కువ నేర్చుకుంటామన్న నమ్మకం మన దగ్గర చాలామందికి ఉంది. మాటల విషయంలో అది పనిచేయదు. ప్రతి లైన్లో రెండు తెలియని మాటలుంటే ఒకదాని అర్థం ఊహించడానికి రెండోదాని ఆసరా ఉండదు.

కథలు, పేపర్లు 98 శాతం అర్థం కావాలంటే ఎనిమిది నుంచి తొమ్మిది వేల మాటల కుటుంబాలు తెలియాలని భాషా పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో లెక్క తేల్చాడు. కుటుంబం అంటే అనలైజ్, అనాలిసిస్, అనలిస్ట్, అనలిటికల్ అన్నీ కలిపి ఒకటే. సంఖ్య చూసి బెదరకండి. డిగ్రీ చదివినవాళ్లకు అందులో కొన్ని వేలు ఇప్పటికే వచ్చి ఉంటాయి.

ఏ మాటలు ముందు నేర్చుకోవాలి? పై చదువుల కోసమైతే భాషా పరిశోధకురాలు ఎవరిల్ కాక్స్‌హెడ్ 2000లో ఇచ్చిన అకడమిక్ వర్డ్ లిస్ట్‌తో మొదలుపెట్టండి. అందులో 570 కుటుంబాలున్నాయి. పాఠ్యపుస్తకాల్లో, పరిశోధన వ్యాసాల్లో వచ్చే ప్రతి పది మాటల్లో ఒకటి దాదాపు ఇందులోదే. అది అయిపోయాక ఆక్స్‌ఫర్డ్ 5000 లిస్టులో పై స్థాయిని చెప్పే బి2, సి1 గుర్తులున్న రెండు వేల మాటలు. రెండూ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. జీఆర్‌ఈ వాళ్లకు ఒక్క మాట: యాంటనిమ్స్, అనాలజీ ప్రశ్నలు 2011లోనే తీసేశారు. ఇప్పుడు వాక్యంలో ఖాళీ నింపాలి, పేరా చదివి చెప్పాలి. పాత లిస్టుల్లోని అరుదైన మాటల కోసం నెలలు ఖర్చుపెట్టకండి.

మనసుకు సంబంధించిన మాటలకు ఇంటి తెలుగు

కోపం, భయం, విసుగు, గొడవ, తెలివి, ఓపిక. వీటిలోని సన్న తేడాలు చెప్పే మాటలు ఇంగ్లిష్‌లో వందలున్నాయి. డిక్షనరీ తెలుగులో అవన్నీ ‘భయం’, ‘బాధ’, ‘కలత’ అనే మూడు నాలుగు మాటల్లోకి కుదించుకుపోతాయి. వరంగల్, కరీంనగర్ ఇళ్లలో మాట్లాడే తెలుగులో ఆ తేడాలు బతికే ఉన్నాయి.

‘రైతుల గోస’ అని రోజూ అంటాం. గోస అంటే ఉత్త బాధ కాదు. తమ చేతుల్లో లేని పరిస్థితిలో చిక్కుకుని పడే బాధ. ఇంగ్లిష్‌లో ప్లైట్ సరిగ్గా అదే. ‘ది ప్లైట్ ఆఫ్ ఫార్మర్స్’ అంటారు, కాలికి దెబ్బ తగిలితే ప్లైట్ అనరు. మనం కూడా కాలి నొప్పిని ‘నా గోస’ అంటే అది ఆ నొప్పితో తిరగాల్సి వచ్చిన తిప్పల గురించే.

సోయి ఇంకా పనికొచ్చే మాట. ‘చుట్టూ ఏమైతుందో వానికి సోయి లేదు’ అన్నప్పుడు అది అబ్లివియస్. దాని వెనక టు గానీ ఆఫ్ గానీ వస్తుంది. ‘సోయి తప్పి పడిపోయింది’ అన్నప్పుడు మాత్రం అన్‌కాన్షస్. ఒక తెలుగు మాట రెండు ఇంగ్లిష్ మాటలుగా చీలే చోట రెండు వేర్వేరు కార్డులు రాసుకోవాలి, ఒక్కో కార్డు మీద ఆ తెలుగు మాట ఉన్న పూర్తి వాక్యం పెట్టాలి. లొల్లి కూడా ఇలాగే చీలుతుంది. ఉత్త చప్పుడైతే ర్యాకెట్ లేదా డిన్, అకస్మాత్తుగా రేగిన కలకలం అయితే కమోషన్, ఇద్దరి మధ్య మాటామాటా పెరిగితే రౌ. రౌ అనే మాటను వరుస అనే అర్థంలో పలికితే ‘రో’, గొడవ అనే అర్థంలో పలికితే ‘కౌ’కు ప్రాసగా ‘రౌ’. స్పెల్లింగ్ ఒకటే.

బుగులు అంటే ఇప్పుడు ముందున్న పామును చూసిన భయం కాదు, రాబోయేదాని గురించి లోపల గుబగుబలాడడం. రేపు రిజల్ట్ అంటే బుగులు. అది యాప్రిహెన్షన్, మనిషి గురించి చెబితే యాప్రిహెన్సివ్ అబౌట్. ఆగమాగం అయిపోయినవాడు ఫ్లస్టర్డ్. నిమ్మళంగా ఉన్నవాడు కంపోజ్డ్. ఇగురం ఉన్నవాడు, డబ్బు ముందుచూపుతో వాడితే ప్రూడెంట్, మనుషులను నొప్పించకుండా పని చేయించుకుంటే టాక్ట్‌ఫుల్. నారాజ్ అయి లోలోపల గునిసేవాడు డిస్‌గ్రంటిల్డ్. చిన్నచిన్న విషయాలకు నడిచే కిరికిరి బికరింగ్. సతాయించుడు పెస్టర్.

ఈ జతలు ఏవీ అచ్చుగుద్దినట్టు సమానం కావు. ప్రతి జతకూ ‘ఎక్కడ కుదరదు’ అని ఒక లైన్ రాసుకోవడం తప్పనిసరి. పెస్టర్ అంటే అడిగిందే అడిగి విసిగించడం, ‘కడుపునొప్పి సతాయిస్తోంది’ అన్నచోట అది పనికిరాదు. ఆ ఒక్క లైన్ లేకపోతే మాట గుర్తుంటుంది, వాడకం తప్పుతుంది.

మంచీ చెడూ తేడా పట్టుకోవడానికి కూడా తెలుగే సాయం. ‘పేరుమోసిన డాక్టర్’, ‘పేరుమోసిన దొంగ’ రెండూ తెలుగులో నడుస్తాయి. ఇంగ్లిష్‌లో డాక్టర్ రినౌండ్, దొంగ నటోరియస్. పొదుపరి థ్రిఫ్టీ, పిసినారి స్టింజీ. సినానిమ్స్ లిస్టులో ఇవి పక్కపక్కనే ఉంటాయి. అందుకే ఆ లిస్టులు చూసి మాట మార్చేవాళ్లు పొగడబోయి తిడతారు.

శాస్త్రం మాటలకు బడి తెలుగు

రెండో రకం మాటలకు ఇంటి తెలుగు పనికిరాదు. చదువుల్లో, చట్టంలో, సైన్స్‌లో వాడే ఇంగ్లిష్ మాటలు ఎక్కువ భాగం లాటిన్, గ్రీకు నుంచి వచ్చాయి. లాటిన్, గ్రీకు, సంస్కృతం ఒకే పాత భాషా కుటుంబం. తెలుగు ఆ కుటుంబంలోది కాదు, ద్రావిడ భాష. అయినా పదో తరగతి తెలుగు వాచకం చదివిన ఎవరికైనా వందల సంస్కృత మాటలు వచ్చి ఉంటాయి. ఆ సొమ్ము ఇక్కడ ఖర్చుపెట్టాలి.

నామం తీసుకోండి. లాటిన్‌లో నోమెన్. నామమాత్రపు ఫీజు అంటే ఇంగ్లిష్‌లో నామినల్ ఫీ, భాగానికి భాగం సరిపోతుంది. నామినేట్ అంటే పేరు ప్రతిపాదించడం. ఇగ్నమినీ అంటే పేరు పోవడం, అవమానం. గ్రీకు వైపు నుంచి వచ్చిన అనోనిమస్ మన ‘అనామక’ అన్నమాటే, ముందున్న నిషేధార్థంతో సహా.

పాదం నుంచి పెడెస్ట్రియన్ అందరికీ తెలుసు. ఇంపీడ్ కూడా ఆ ధాతువే, కాళ్లకు బంధం వేయడం, అడ్డుపడడం. ఎక్స్‌పెడైట్ అంటే కాళ్లకు బంధం విప్పడం, పని వేగం చేయడం. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురని బొమ్మగా కనబడితే ఇక మరచిపోవడం కష్టం. స్థా అనే ధాతువు (స్థానం, స్థిరం) స్టేబుల్, కాన్‌స్టంట్, ఆబ్‌స్టకిల్‌లలో ఉంది. ఆబ్‌స్టకిల్ అంటే అడ్డంగా నిలబడినది. మరణం, మృత్యువు, అమృతం వైపు మోర్టల్, ఇమ్మోర్టల్, మార్చురీ ఉన్నాయి. మార్ట్‌గేజ్‌లో మొదటి భాగం కూడా అదే, ఫ్రెంచ్‌లో ‘చచ్చిన తాకట్టు’ అని. జన్ ధాతువు నుంచి జెనరేట్, ఇండిజినస్, పుట్టుకతో వచ్చినది అనే అర్థంలో కన్‌జెనిటల్. ప్రొజెనీ అంటే సంతానం. ‘ప్రజ’కు సంస్కృతంలో మొదటి అర్థం సంతానమే, ప్ర ముందు, జన్ వెనక. రెండు మాటలూ ముక్కకు ముక్క ఒకటే.

ఉపసర్గలు ఇంకా తేలిక. ప్రగతి, ప్రోగ్రెస్: ప్ర అంటే ముందుకు, గతి అంటే నడక, గ్రెస్ కూడా నడకే. పరిధిలో పరి, పెరిమీటర్‌లో పెరి, రెండూ ‘చుట్టూ’. అంతర్జాతీయంలో అంతర్, ఇంటర్నేషనల్‌లో ఇంటర్. దుర్ అనేది గ్రీకులో డిస్, స్పెల్లింగ్‌లో వై అక్షరంతో. డిస్‌ఫంక్షన్, డిస్‌లెక్సియా. ఐ అక్షరంతో రాసే డిస్‌ఆనెస్ట్‌లోని డిస్ వేరు, అది లాటిన్.

సంధి చదివినవాళ్లకు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఒక పెద్ద చిక్కు విడిపోతుంది. సత్, జనుడు కలిస్తే సజ్జనుడు అయినట్టే, లాటిన్ ఇన్‌కు లీగల్ కలిస్తే ఇల్లీగల్, రెగ్యులర్ కలిస్తే ఇర్రెగ్యులర్, పాసిబుల్ కలిస్తే ఇంపాసిబుల్. కాన్ కూడా అంతే: లాబరేట్ ముందు కొల్, రప్ట్ ముందు కర్, బైన్ ముందు కమ్. అకామొడేట్‌లో రెండు సీలు, రెండు ఎంలు ఎందుకంటే యాడ్, కమ్ అనే రెండు ఉపసర్గలు వరసగా తగిలాయి, మొదటిదానిలో డి అక్షరం సి అయింది. ఇది అర్థమైతే డబుల్ అక్షరాలను బట్టీ పట్టే పని సగం తగ్గుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. చెవికి దగ్గరగా వినబడినవన్నీ చుట్టాలు కావు. దేవుడికి డివైన్, డీటీ చుట్టాలే. డెవిల్ కాదు, అది వేరే గ్రీకు మాట నుంచి వచ్చింది. థియాలజీలోని థియో కూడా దేవ శబ్దానికి చుట్టం కాదు. అనుమానం వస్తే డిక్షనరీలో మాట పుట్టుక చూడండి, ఒక్క నిమిషం పని. చుట్టరికం లేకపోయినా గుర్తుపెట్టుకోవడానికి వాడుకోవచ్చు గానీ, దాన్నుంచి అర్థం లాగకూడదు.

కార్డు ఎలా రాయాలి

ఎ4 కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కోటి దాదాపు 10.5 సెంటీమీటర్లు, 7.4 సెంటీమీటర్లు వస్తుంది. పాత పెళ్లిపత్రికల అట్టలైతే ఇంకా మేలు, నలగవు. ముందువైపు మాట ఒక్కటే రాయకండి. మాట వచ్చే వాక్యం రాసి, మాట ఉన్న చోట ఖాళీ పెట్టి మొదటి అక్షరం మాత్రం ఇవ్వండి. మాట చూసి అర్థం గుర్తుపట్టడం ఒక పని, అర్థం నుంచి మాటను బయటికి లాగడం ఇంకో పని. రాసేటప్పుడు, మాట్లాడేటప్పుడు కావాల్సింది రెండోది. మొదటిది ఎంత చేసినా రెండోది రాదు.

వెనకవైపు ఐదు ఉండాలి: మాట, నొక్కి పలకాల్సిన చోట గుర్తు, దానితో కలిసి నడిచే రెండు మాటలు, తెలుగు ముడి (ఇంటి మాట గానీ ధాతువు గానీ), ఎక్కడ కుదరదో ఒక లైన్. మిటిగేట్ కార్డు వెనక ఇలా ఉంటుంది. నొక్కు మొదటి అక్షరం మీద. తోడు మాటలు రిస్క్, ఇంపాక్ట్, ఎఫెక్ట్స్. ముడి ‘ఉధృతి తగ్గించడం’. కుదరనిది: పూర్తిగా ఆపడం కాదు, మనుషులను ఓదార్చడం కాదు. ‘మేడారం జాతరకు అదనపు బస్సులు వేస్తే రద్దీ ప్రభావం తగ్గుతుంది’ అనే వాక్యాన్ని ముందువైపు ఇంగ్లిష్‌లో రాసి ఖాళీ పెట్టండి.

కార్డు మీద ఇంగ్లిష్ మాటను ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయండి. తెలుగు లిపిలో ఉచ్చారణ రాసుకునే అలవాటు ఈ స్థాయిలో చేటు. జీబ్రాలోని జ, మెజర్‌లోని జ మన లిపిలో ఒక్కలాగే కనబడతాయి. నొక్కులేని చోట ఇంగ్లిష్‌లో అచ్చు నలిగిపోయి అ, ఎల మధ్య ఒక బలహీనమైన చప్పుడుగా మిగులుతుంది, దానికి మనకు అక్షరమే లేదు. డిక్షనరీలోని ఉచ్చారణ గుర్తులు నేర్చుకోవడానికి రెండు సాయంత్రాలు చాలు.

అర్థం చూడడానికి ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం రాసిన లెర్నర్స్ డిక్షనరీలే వాడండి. లాంగ్‌మన్ లెర్నర్స్ డిక్షనరీలో అర్థాలన్నీ సుమారు రెండు వేల తేలిక మాటలతోనే రాస్తారు, తోడు మాటలూ ఇస్తారు.

రోజుకు ఐదు కొత్త మాటలు చాలు. వారానికి ఆరు రోజులు, ఆదివారం కొత్తవి వద్దు. వారానికి 30 అయితే ఆ 570 కుటుంబాలు 19 వారాల్లో పూర్తవుతాయి. ఐదు తక్కువ అనిపిస్తుంది. అసలు బరువు కొత్త మాటలది కాదు, తిరిగి చూడాల్సినవాటిది. రోజుకు పది చొప్పున కొత్తవి పెడితే కొన్ని వారాల్లో రోజూ 70 నుంచి 100 పాత కార్డులు ముందుకొచ్చి కూర్చుంటాయి. నెల తిరగకముందే చాలామంది వదిలేయడానికి కారణం ఇదే.

పాత కార్డులు తిరిగి చూడడానికి పెట్టె పద్ధతి ఉంది, సెబాస్టియన్ లైట్నర్ 1970ల మొదట్లో చెప్పింది. చెప్పుల డబ్బాను అట్టలతో ఐదు అరలు చేయండి. మొదటి అర రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికి, నాలుగోది పదిహేను రోజులకు, ఐదోది నెలకోసారి. సరిగ్గా చెప్పిన కార్డు ముందు అరలోకి, తప్పినది ఏ అరలో ఉన్నా మళ్లీ మొదటి అరలోకి. ఫోన్‌లో చేయాలంటే ఆంకీ అనే యాప్ ఉంది. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌లో డబ్బు కట్టాలి. అందులో కొత్త కార్డుల పరిమితి మామూలుగా రోజుకు 20 ఉంటుంది, మొదటి రోజే ఐదుకు తగ్గించండి. ఇతరులు తయారుచేసిన కార్డుల కట్టలు దించుకోవడం వృథా. వాక్యం ఎంచి, తెలుగు ముడి వెతికి రాయడంలోనే సగం నేర్చుకోవడం అయిపోతుంది.

తోడు మాటల దగ్గర దొరికిపోతాం

పెద్ద మాటలు వాడినా ‘ఇది తెలుగులో ఆలోచించి రాసిన ఇంగ్లిష్’ అని ఒక్క పేరాలో తెలిసిపోయేది ఇక్కడే. మనం ‘దేని గురించో’ చర్చిస్తాం కాబట్టి డిస్కస్ వెనక అబౌట్ తగిలిస్తాం, అక్కర్లేదు. ‘దేని మీదో’ నొక్కి చెబుతాం కాబట్టి ఎంఫసైజ్ వెనక ఆన్ పెడతాం, అదీ అక్కర్లేదు. ఎంఫసిస్ అనే నామవాచకానికి మాత్రం ఆన్ కావాలి. ‘ఫలానా వాళ్లతో’ పెళ్లి అవుతుంది కాబట్టి మ్యారీడ్ విత్ అంటాం, ఉండాల్సింది టు. మనం పరీక్ష రాస్తాం, కల చూస్తాం, చిక్కటి చాయ్ తాగుతాం. ఇంగ్లిష్‌లో ఎగ్జామ్ టేక్ చేస్తారు, డ్రీమ్ హ్యావ్ చేస్తారు, చాయ్ స్ట్రాంగ్‌గా ఉంటుంది. పెద్ద వాన బిగ్ కాదు, హెవీ.

ఐఈఎల్‌టీఎస్ రైటింగ్, స్పీకింగ్‌లలో మార్కుల్లో నాలుగో వంతు మాటల వాడకానికే, అందులో తోడు మాటల పొందిక కూడా చూస్తారు. అరుదైన మాటను తప్పు తోడుతో వాడడం కంటే మామూలు మాటను సరైన తోడుతో వాడడం మేలు.

తెలుగులో కలిసిపోయిన ఇంగ్లిష్ మాటలు ఇంకో గుంట. వాటికి ఇక్కడ అర్థం మారిపోయింది. ‘వాడు ఫీలయ్యిండు’ అంటే నొచ్చుకున్నాడని. ఇంగ్లిష్‌లో హర్ట్, ఆఫెండెడ్, కోపం లోపల దాచుకుంటే రిజెంట్‌ఫుల్. ‘ఆయనకు సీరియస్‌గా ఉంది’ అన్నది ‘హీ ఈజ్ సీరియస్’ అయితే ఆయన హాస్యమాడట్లేదు అని అర్థం. చెప్పాల్సింది క్రిటికల్లీ ఇల్. క్లాసులో ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అంటే మనకు ప్రశ్న, బయటి దేశాల్లో పంతులు చెప్పినదాని మీద నమ్మకం లేదన్నట్టు వినబడుతుంది. క్వశ్చన్ అనండి. పాస్డ్ ఔట్ అంటే సోయి తప్పడం, చదువు పూర్తయితే గ్రాడ్యుయేటెడ్. ఇలాంటివి రోజూ నోట్లో నానే మాటలు కాబట్టే తప్పని అనుమానం రాదు. ఒక పేజీ వేరుగా పెట్టి, తెలుగులో వాడే ఇంగ్లిష్ మాట విన్నప్పుడల్లా అందులో రాసి డిక్షనరీతో పోల్చుకోండి.

నొక్కు గురించి కొంచెమే. ఇక్, షన్, ఇటీ అని ముగిసే మాటల్లో నొక్కు వాటికి ముందున్న భాగం మీద పడుతుంది: ఎకనామిక్‌లో ‘నా’, ఎడ్యుకేషన్‌లో ‘కే’, ఎబిలిటీలో ‘బి’. ఫోటోగ్రాఫ్‌లో మొదటి భాగం, ఫొటాగ్రఫీలో రెండోది, ఫోటోగ్రాఫిక్‌లో మూడోది. తెలుగులో నొక్కు మారితే అర్థం మారదు కాబట్టి మనకు చెవి అలవాటు లేదు. యూగ్లిష్ అనే సైట్‌లో మాట కొడితే అది పలికే వీడియో ముక్కలు వరసగా వస్తాయి, ఐదు విని ఐదుసార్లు పైకి అనండి.

తెలిసిన సంగతిని ఇంగ్లిష్‌లో చెప్పడం

మాట వాడకపోతే నిలవదు. వాడడానికి చాలామంది వాతావరణ మార్పు, సోషల్ మీడియా లాంటి విషయాలు తీసుకుంటారు. చెప్పడానికి సంగతి లేక మాటలు వెతుక్కుంటారు. మీకు కళ్లకు కట్టినట్టు తెలిసిన సంగతి తీసుకోండి.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి ఒక్కసారిగా పోటెత్తితే అది గ్లట్. ధర పడిపోతే స్లంప్, ఎక్కి దిగుతుంటే ఫ్లక్చుయేట్. సరుకు దాచిపెట్టడం హోర్డ్. దిగుబడి యీల్డ్. ఈ ఐదు మాటలతో రెండు నిమిషాలు మాట్లాడండి, ఫోన్‌లో రికార్డు చేసి వినండి. బతుకమ్మ పేర్చడం చెప్పాలంటే గుండ్రటి వరసలకు కాన్‌సెంట్రిక్, అంతస్తుకు టియర్, సన్నని పనితనానికి ఇంట్రికేట్, నీళ్లలో వదలడానికి ఇమర్స్. టియర్ స్పెల్లింగ్‌లో ఐ, ఇ, ఆర్. కన్నీటి టియర్ వేరు, పలుకు దగ్గరే. మేడారంలో అన్ని దారుల జనం ఒక్కచోటికి చేరడం కన్‌వర్జ్, తిరిగి చెదిరిపోవడం డిస్‌పర్స్.

చదవడానికీ ఇదే సూత్రం. రామప్ప గుడి గురించి తెలుగులో చదివి, తర్వాత యునెస్కో సైట్‌లోని ఇంగ్లిష్ వివరణ చదవండి. గుడి పని 1213లో మొదలైందని, శిఖరానికి నీళ్లలో తేలే ఇటుకలు వాడారని ముందే తెలుసు కాబట్టి పోరస్ అనే మాట దగ్గర డిక్షనరీ తీయాల్సిన పని లేదు, సన్నటి రంధ్రాలున్నదని తడుతుంది. ఇన్‌స్క్రైబ్ అంటే రాతి మీద చెక్కడం, శాసనాన్ని ఇన్‌స్క్రిప్షన్ అనేది అందుకే. 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో రామప్ప చేరడాన్ని కూడా ఇన్‌స్క్రైబ్డ్ అనే అంటారు. రెండర్థాలూ ఒకే గుడి దగ్గర దొరుకుతాయి.

రోజుకు 35 నిమిషాలు పెట్టుకోండి. పాత కార్డులకు 15, చదవడానికి 15, ఆ రోజు ఐదు మాటలతో సొంత వాక్యాలకు 5. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైల్లో వెళ్లివచ్చేవాళ్లకు వెళ్లేటప్పుడు కార్డులు, వచ్చేటప్పుడు చదువు సరిపోతాయి.

పని చెడినప్పుడు

నాలుగు రోజులు కార్డులు చూడలేదు, 200 పోగయ్యాయి. ఒక్క రోజులో తీర్చేద్దామని కూర్చోకండి, ఐదో రోజు మళ్లీ వదిలేస్తారు. కొత్త మాటలు పూర్తిగా ఆపి, రోజుకు 50 చొప్పున పాతవి తీర్చండి. పోగు కరిగాకే కొత్తవి.

రెండు మాటలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. ఎమినెంట్, ఇమినెంట్. ఇంజీనియస్, ఇంజెన్యువస్. మిటిగేట్, మిలిటేట్. ఒకేలా ఉన్న జతను ఒకే రోజు నేర్చుకోవడం వల్లే ఇలా జరుగుతుంది. ఒకదాన్ని పెట్టెలోంచి తీసి పక్కన పెట్టండి. మిగిలినది మూడో అరకు చేరాక రెండోదాన్ని తిరిగి వేయండి. ఒకే అర్థం ఉన్న మాటలు పదింటిని ఒక్కచోట ఇచ్చే పుస్తకాలతో కూడా ఇదే తంటా.

కార్డు దగ్గర తడుముకోకుండా చెబుతారు, మాట్లాడేటప్పుడు రాదు. వాక్యం ఆకారం చూసి జవాబు చెప్పే అలవాటు పడింది. కొత్త వాక్యంతో కార్డు తిరగరాయండి.

రాసిన ప్రతి పేరాలో మిరియడ్, ప్లెథొరా దూరుతున్నాయి. కొత్తగా వచ్చిన మాటలకు ఇది సహజం. ఒక పేరాకు ఒక కొత్త మాట, అంతకు మించి వద్దు. మెయిల్‌లో స్టార్ట్ సరిపోయే చోట కమెన్స్ అక్కర్లేదు.

ఒక మాట ఎంతకూ నిలబడట్లేదు. ఆంకీ ఎనిమిదిసార్లు తప్పిన కార్డుకు దానంతట అదే ‘లీచ్’ అని గుర్తు పెడుతుంది, దాన్ని పక్కన పెట్టండి. పెట్టె వాడేవాళ్లు కార్డు మూలన తప్పినప్పుడల్లా చుక్క పెట్టి, ఎనిమిది చుక్కలకు తీసేయండి. అలాంటి కార్డుకు దాదాపు ఎప్పుడూ తెలుగు ముడి తప్పుగా పడి ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ‘పనంతా చేసినా ఒక్క మాట మెచ్చుకోకపోతే ఎట్లనిపిస్తది, దాన్ని ఏమంటరు?’ అని సందర్భం చెప్పి అడిగితే, అమ్మమ్మో నాయనమ్మో మనం మరచిపోయిన మాట ఒకటి చెబుతుంది. ఆ మాటతో కార్డు మళ్లీ రాసి మొదటి అరలో వేయండి.